గుయ్యిమనే గిటారు, రూతమ్మ చెయ్యి

ముందు ఏమీ కొనకండి

ఈ మధ్య నాకు ఫోన్ చేసే పిల్లలందరిదీ ఒకటే మాట. "అన్నా, గిటార్ గుయ్యిమంటుంది. ఏం కొనాలె?" ఏం కొనాలని అడుగుతారు గానీ, ఎప్పుడు గుయ్యిమంటుంది, ఎట్లా గుయ్యిమంటుంది అనేది చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాలుగు తిట్టి ఫోన్ పెట్టేస్తాను. మళ్ళీ మనసాగక నేనే చేస్తాను.

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో నాకు చాలా ఏళ్ళు ఒక చిన్న దుకాణం ఉండేది. రేడియోలు, మైకు సెట్లతో మొదలుపెట్టి, చివరికి ఎలక్ట్రిక్ గిటార్లు, వాటి యాంప్లిఫయర్ల దాకా వచ్చాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పెళ్ళి ఆర్కెస్ట్రాల వాళ్ళూ, చర్చీల్లో వాయించేవాళ్ళూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. సన్న వైరు అతకడానికి కళ్ళు సహకరించడం మానేశాక దుకాణం మూసేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అడిగితే ఇది రాస్తున్నాను. దుకాణం ఎట్లా పెట్టానో, బోర్డు ఎవరు రాశారో మీకెందుకు? పనేమిటో చెబుతాను.

గిటార్ మోసుకొచ్చినవాడికి ముందు చాయ్ తాగించండి. వెటకారం కాదు, నిజంగానే చెబుతున్నాను. పరేషాన్‌గా వచ్చినవాడు రోగం చెప్పడు, తనకు తోచిన మందు చెబుతాడు. "ఇది మార్చాలన్నా, అది మార్చాలన్నా" అంటాడు. చాయ్ సగం అయ్యాక "వానొచ్చినప్పుడే ఎక్కువైతదన్నా" అని అసలు సంగతి బయటపెడతాడు.

ఆ తర్వాత గిటార్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. అప్పటికీ చప్పుడు అట్లాగే ఉంటే తప్పు గిటార్‌ది కాదు, దాన్ని యాంప్లిఫయర్‌కు కలిపే లీడు వైరుదో యాంప్లిఫయర్‌దో. ఆగిపోతే గిటార్ సంగతి చూడాలి. గిటార్ పట్టుకున్న మనిషిని కుర్చీతో సహా మెల్లగా తిప్పండి. ఒక దిక్కుకు తిరిగితే చప్పుడు తగ్గిందంటే, ఏ ట్యూబులైటో, ఫ్యాను రెగ్యులేటరో దాన్ని పంపిస్తోందన్నమాట. చివరగా తీగల మీద అరచెయ్యి ఆనించమనండి. బాగున్న గిటార్ అయితే చెయ్యి తగలగానే గుయ్యి చల్లబడుతుంది.

ఎందుకు చల్లబడుతుందో తెలియకుండా ఈ పని చెయ్యకండి. ఇంట్లో, వీధిలో ఉన్న కరెంటు చప్పుడునంతా మన ఒళ్ళు పట్టుకుంటుంది. తీగలు వచ్చి ఆగే ఇనుప ముక్కను బ్రిడ్జి అంటారు. దాని కింద నుంచి ఒక సన్న వైరు లోపలికి పోయి ఎర్త్‌లో కలుస్తుంది. మన చెయ్యి తీగ మీద పడితే ఆ చప్పుడంతా ఆ వైరు గుండా దిగిపోతుంది. ఆ వైరు ఊడిపోయిన గిటార్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నా గుయ్యి ఆగదు.

ఉస్తాద్

నాకు పని నేర్పినాయన మిర్యాలగూడలో ఉండేవాడు. ఉస్తాద్ అనే తప్ప ఇంకో పేరుతో ఎవరూ పిలవలేదు. మంచి మనిషే గానీ నోరు మాత్రం కారం డబ్బా. నేను స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంటే చాలు, "క్యా జల్దీ హై రే యాదగిరీ! ముందు ఇను. మిషన్ మాట్లాడ్తది, నువ్వు జర నోరు మూస్కో" అనేవాడు.

ఒకసారి ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ గిటార్ బరబరమంటోందని తెచ్చారు. నేను వైర్లన్నీ విప్పి మళ్ళీ అతికాను. బరబర పోలేదు. స్విచ్చి మార్చాను, పోలేదు. ఉస్తాద్ నా కాలరు పట్టుకొని బయటికి తీసుకుపోయి రోడ్డు మీద నిలబెట్టాడు. "ఇప్పుడు ఇను" అన్నాడు. ఎదురుగా రైస్ మిల్లు నడుస్తోంది. వడ్ల సీజను. మధ్యాహ్నం అన్నానికని మిల్లు ఆపారు, లోపల గిటార్ బరబర కూడా ఆగిపోయింది. మా వీధి లైనూ మిల్లు లైనూ ఒకటే. ఉస్తాద్ పడీపడీ నవ్వాడు. "మిల్లును గూడ విప్పుతవారా?" అని ఆ నెలంతా ఏడిపించాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే అయినా నాకు చాలు. చప్పుడు వచ్చే చోటు వేరు, చప్పుడు పుట్టే చోటు వేరు. పెట్టె విప్పే ముందు చుట్టూ ఎవరున్నారో, ఏమున్నాయో చూడాలి.

పిన్ను కోసేవాళ్ళు

ఇప్పుడు నాకు కోపం తెప్పించే సంగతి చెబుతాను. ప్లగ్గుకు మూడు కాళ్ళుంటాయి. అందులో లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్. రెండు మూడు యాంప్లిఫయర్లు కలిపి పెట్టినప్పుడు ఒక్కోసారి ఎర్తుల మధ్యే గొడవొచ్చి గుయ్యిమంటుంది. ఆ కాలు పీకేస్తే గుయ్యి తగ్గుతుంది. దాంతో మన దగ్గర ఇదొక వైద్యమైపోయింది. గుయ్యిమందా, కటింగ్ ప్లయర్ తీసుకో, పిన్ను కోసెయ్. కోసినవాడికి దండలు, చప్పట్లు.

ఆ కాలు అక్కడ ఉన్నది ప్రాణం కాపాడటానికి. యాంప్లిఫయర్ లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే ఆ కాలు గుండా భూమిలోకి పోవాలి. కాలు లేకపోతే యాంప్లిఫయర్ ఇనుప పెట్టెలో, అక్కడి నుంచి లీడులో, గిటార్ తీగల్లో కూర్చుంటుంది. ఎవడైనా వచ్చి దారి ఇస్తాడేమోనని చూస్తుంటుంది.

కోదాడలో ఒక పెళ్ళి పందిట్లో గిటార్ వాయిస్తూ పాడే అతను పెదవి మైకుకు ఆనించగానే వెనక్కి విరుచుకుపడ్డాడు. దేవుడి దయవల్ల బతికాడు. మర్నాడు సామాను చూడమని నన్ను పిలిచారు. "ఏం కాలేదండి, కొంచెం జిల్లుమంది, అంతే" అన్నాడు పెదవి వాచిపోయిన ఆ మనిషి. యాంప్లిఫయర్ ప్లగ్గుకు రెండే కాళ్ళు. ఎవరు కోశారంటే అందరూ పందిరి గుంజల వైపు చూశారు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. పిన్ను కోసేవాణ్ణి నేను మెకానిక్ అనను. ఏమంటానో ఇక్కడ రాస్తే బాగుండదు.

రూతమ్మ, ప్రకాశం

వానాకాలంలో ఒక పొద్దున నా దుకాణం ముందు ఆటో ఆగింది. భార్యాభర్తలు దిగారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఆయన భుజాన గిటార్, ఆమె చేతిలో ఎరువు సంచిలో చుట్టిన చిన్న యాంప్లిఫయర్.

"వందనాలన్నా. గిటార్లు బాగుచేసేది మీరేనా?" అంది ఆమె.

నేను తలూపేలోపే ఆయన గొంతు సందంతా మోగింది. "అన్నా! షాక్ కొడ్తుంది! నాకు గాదు, ఈమెకు!"

ఎదురు కిరాణా దుకాణంలోవాళ్ళు తిరిగి చూశారు. "నాకేం చెవుడు లేదయ్యా, మెల్లగ చెప్పు" అని కసిరాను. ఆయన నా మూతి వైపు చూసి నవ్వుతూ తలాడించాడు. ఆమె తల వంచుకుంది. అప్పుడు నాకేమీ తోచలేదు.

వాళ్ళది పాలకీడు వైపు ఒక ఊరు. ఆయన పేరు ప్రకాశం, సున్నపురాయి క్రషర్ దగ్గర పని. ఆమె పేరు రూతమ్మ, పొలం పనులకు పోతుంది. ఊరి చర్చిలో ఆదివారం పాటలకు గిటార్ వాయించేది ప్రకాశమే. పోయిన ఆదివారం పాట మధ్యలో రూతమ్మ చెయ్యి పట్టేసి గుంజిందట, కుర్చీలోంచి కింద పడిందట.

ప్లగ్గు చూశాను. రెండే కాళ్ళు.

"ఎవడు కోసిండు దీన్ని?"

"క్రిస్మస్‌కు సౌండ్ పెట్టినాయన పీకిండన్నా. గుయ్యిమంటుందని. గా దినం జర తగ్గిందన్నడు, గని గుయ్యి పోలే" అంది రూతమ్మ.

ఒక చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి యాంప్లిఫయర్ ఇనుప పెట్టెకు, ఒకటి నా దుకాణం ఎర్త్‌కు తగిలించాను. బల్బు ఎర్రగా, మందంగా వెలిగింది. వెలగకూడని బల్బు అది. "సూడు, గీ కరెంటు నీ పెండ్లాం చేతుల పడ్డది. నేల తడిగ ఉండి ఇంకో ఘడియ పట్టుకుంటె మనిషి ఖతమయ్యేది" అన్నాను. ప్రకాశం నా మూతినీ బల్బునీ మార్చి మార్చి చూశాడు. రూతమ్మ ఆయనకు ఎదురుగా నిలబడి మళ్ళీ మెల్లగా చెప్పింది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకొకటి అర్థం కాలేదు. వాయించేది ఆయన, షాకు ఆమెకెందుకు కొట్టింది?

"నేను పట్టుకోకుంటె గుయ్యిమంటదన్నా" అంది రూతమ్మ.

ఎట్లా పట్టుకుంటావో చూపించమన్నాను. లీకైన తావు వెతికి, పాడైన వైరు తీసేసి, మూడు కాళ్ళున్న కొత్త కార్డు వేసి, బల్బుతో రెండుసార్లు పరీక్షించాకే వాళ్ళను ముట్టుకోనిచ్చాను. ప్రకాశం గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాడు. గుయ్యిమని దుకాణమంతా మోగింది. తీగల మీద చెయ్యి వేసినా తగ్గలేదు. రూతమ్మ ఆయన పక్కన కూర్చుంది. ఒక చేత్తో లీడు కొసనున్న ఇనుప ప్లగ్గు పట్టుకుంది. ఇంకో అరచెయ్యి ఆయన వీపు మీద, మెడ దగ్గర చొక్కా కాలరు లోపలికి ఒళ్ళు తగిలేట్టు పెట్టింది. గుయ్యి టక్కున ఆగిపోయింది.

ఓరి దేవుడా అనుకున్నాను. బ్రిడ్జి కింది వైరు ఊడిపోయింది. ఆ వైరు చెయ్యాల్సిన పని ఈమె తన ఒంటితో చేస్తోంది. ఆయన ఒంట్లో చప్పుడు ఆమె చేతిలోకి వచ్చి, ఆమె రెండో చేతి గుండా ప్లగ్గులోకి దిగిపోతోంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇటువంటిది నేను చూడలేదు.

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"మస్తు ఏండ్లాయెనన్నా. ఒకపారి ఈయనకు నీళ్లియ్యవోతె ఒక చెయ్యి గీ ప్లగ్గుకు, ఒక చెయ్యి ఈయనకు తాకినయ్, గుయ్యి ఆగింది. మా అయ్యగారే అన్నడు, రూతమ్మా, పాటలయ్యేదాక నువ్వు గాడనే కూసో అని. గప్పటిసంది స్టేజీ మీదనే కూసుంటున్న."

అయ్యగారంటే వాళ్ళ పాస్టరు. ఆ చర్చిలో ఆడవాళ్ళు కింద ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటారు. స్టేజీ మీద వాయించేవాళ్ళూ అయ్యగారూ తప్ప ఎవరూ ఉండరు. గుయ్యి పుణ్యాన రూతమ్మకొక్కదానికే అక్కడ కుర్చీ దొరికింది. "గంతేనామ్మా, చాయ్ చల్లారేలోపు అతికిస్త, ఇగ నీకు గీ తిప్పలుండదు" అన్నాను హుషారుగా.

రూతమ్మ సంతోషపడలేదు. బస్సు ఎన్ని గంటలకుందో కనుక్కొని రమ్మని సైగ చేసి ప్రకాశాన్ని బయటికి పంపింది. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"అన్నా, షాకు పోగొట్టుండ్రి. గుయ్యి మాత్రం ఉండనీయుండ్రి."

"ఏందమ్మా, గుయ్యి ఉండాల్నా?"

"నేను దిగిపోతె ఈయన వాయించలేడన్నా."

అప్పుడు చెప్పింది. క్రషర్ దగ్గర రాళ్ళ చప్పుడుకు ప్రకాశం చెవులు పోయాయి. ఎదుటివాళ్ళ మూతి చూసి మాట పోల్చుకుంటాడు. గిటార్ పొట్టకు ఆనించుకుంటాడు గనుక దాని అదురు తెలుస్తుంది. డోలక్ వినపడదు, పాడేవాళ్ళు వినపడరు.

"వీపు మీద నా చెయ్యుంటది గద. వేళ్లతోని తాళమేస్త. చరణం మారేటప్పుడు జర ఒత్తుత. గట్లనే వాయిస్తడు. ఊర్లె ఎవ్వలికి ఎర్కలే. గుయ్యి కోసం పట్టుకున్నననుకుంటరు."

"మీ అయ్యగారికి చెప్పరాదు?"

"అమ్మో! చెవిటోడికి గిటారెందుకు అంటరని ఈయనకు భయం. పానం వోయినా ఎవ్వలికి చెప్పొద్దన్నడు. వారమంతా గా ఆదివారం కోసమే ఎదురుసూస్తడన్నా. గది గూడ పోతె మనిషి మిగలడు. మీరు గూడ చెప్పొద్దు, మీ కాళ్లు మొక్కుత."

పొద్దున ఆయన్ని "నాకేం చెవుడు లేదయ్యా" అని కసిరింది గుర్తొచ్చి నాకు నా మీదే అసహ్యం వేసింది. మీ ఊర్లె ఎవ్వలికి చెప్పనమ్మా అని మాటిచ్చి, సోల్డరింగ్ ఐరన్ మొన తుడుస్తూ కూర్చున్నాను.

ఇది మీరు జాగ్రత్తగా వినాలి. ఆ వైరు అట్లా వదిలెయ్యడం నాకు చిటికెలో పని. యాంప్లిఫయర్ బాగుచేశాను గనుక షాకు భయం లేదు. కానీ గుయ్యి ఉన్నంతకాలం అది ఎవరో ఒకరి చెవిలో పడుతుంది. వచ్చే పండక్కి ఇంకో సౌండ్ ఆయన వస్తాడు, "గుయ్యిమంటుందేంది" అని మళ్ళీ పిన్ను పీకుతాడు. అప్పుడు మళ్ళీ ఆమె చెయ్యే దాని మీద ఉంటుంది. నేను ఆమెకు అదే చెప్పాను.

"వద్దు బిడ్డ. నీ పానం కన్న ఎక్కువ గాదు. అతికిస్త."

"మీ ఇష్టమన్నా" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకొని గోడ వైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

బ్రిడ్జి ఎత్తి, కొత్త వైరు వేసి, టంకం బాగా పారేదాకా కాచి అతికాను. ప్రకాశం తిరిగొచ్చాడు. తీగల మీద చెయ్యి పెట్టించి, గుయ్యి పోయిందని సైగ చేశాను. ఆయనకు అది వినపడదు కదా, నా మొహంలోనే చూసుకున్నాడు. ఎంత సంతోషం! "ఇగ రూతమ్మకు షాక్ కొట్టదు గద! కొట్టదు గద!" అని నా రెండు చేతులూ పట్టుకొని ఊపేశాడు. తన పాట సంగతి ఆయనకు తట్టనే లేదు. రూతమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మా ఇంటామె మాట

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. మా ఇంటామెకు జరిగింది చెప్పాను. ఆమె కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే అంది, "వైరు అతికినవ్. ఆమెను పీకేసినవ్."

నాకు సర్రున లేచింది. "అయితె సావనీయమంటవా?"

"నేను గట్లంటినా? అతుకుడు మంచిదే. ఇప్పుడు గామె యాడ కూసోవాలె? గది గూడ సూడు మరి. మిషన్లు సూసుడొక్కటేనా?"

కంచం పక్కకు జరిపి లేచాను. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు, అందుకే అంత కోపం వచ్చింది.

ఎట్లాగూ వాళ్ళ ఊరికి పోవాలి. యాంప్లిఫయర్‌కు మూడు కాళ్ళు పెడితే సరిపోదు, గోడలోని మూడో కన్నం వెనక వైరుండాలి. శనివారం పోయి చర్చిలో బోర్డు విప్పి చూశాను. అనుకున్నట్టే ఆ కన్నం ఉత్తదే. చర్చి వెనక గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్త్ పెట్టాం. అయ్యగారు పెద్ద వయసు మనిషైనా ప్యాంటు మడిచి తనే బిందెలతో నీళ్ళు మోసి గుంతలో పోశాడు. ఎండాకాలంలో అందులో నీళ్ళు పొయ్యడం మరిచిపోవద్దని నేను చెబుతుంటే, "నేను పోస్తనన్నా, నా పని అనుకో" అన్నాడు.

అట్లాంటి మనిషికి చెబితే ఏమవుతుందిలే అనిపించింది. కానీ మాట ఇచ్చాను. చుట్టూ తిప్పి అన్నాను. "అయ్యగారూ, ఏండ్ల అలవాటు గద, రూతమ్మ పక్కన లేకుంటె ఆయన ఆగమైతడేమో."

"అలవాటుదేముందన్నా! ఇన్నేండ్లు పాపం గాడ కట్టేసినట్టు కూసుంది. కండ్లు మూసుకొని నిమ్మలంగ ప్రార్థన చేసుకున్నది లేదు. ఇప్పుడన్న కింద ఆడోళ్లతోని ఫ్యాన్ కింద చల్లగ కూసోనీ" అన్నాడు.

ఆమె మంచి కోరే అన్నాడు. సామాను సర్దుకొని బస్సెక్కాను.

ఆదివారం

మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కుంటుంటే మా ఇంటామె తలుపు దగ్గర నిలబడింది. "ఆదివారం గూడ యాడికి?"

"ఎర్త్ సరిగ పనిచేస్తుందో లేదో సూసొస్త."

"ఎర్తేనా?" అని నవ్వి, బస్సులో తాగమని నీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

నేను పోయేసరికి చర్చి నిండింది. బయట చెప్పుల కుప్ప. లోపల నేల అప్పుడే తుడిచారు, అరికాళ్ళకు తడి తగులుతోంది. మగవాళ్ళ వైపు చివర్లో కూర్చున్నాను. స్టేజీ మీద ప్రకాశం ఇస్త్రీ చొక్కాతో, గిటార్ మెడలో వేసుకొని కుర్చీలో కూర్చున్నాడు. పక్కన కుర్చీలో రూతమ్మ. ఆయన లీడు గుచ్చాడు. చప్పుడు లేదు. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకొని నవ్వారు.

అయ్యగారు మైకులో నా గురించి రెండు మంచి మాటలు చెప్పి, "రూతమ్మా, దేవునికి స్తోత్రం, ఇగ నీకు కష్టం లేదు. కింద కూసోమ్మా" అన్నాడు.

రూతమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కొని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ప్రకాశానికి అయ్యగారన్న మాట అందలేదు. ఆమె ఎందుకు దిగిందో తెలియక అటే చూస్తున్నాడు.

డోలక్ మొదలైంది. పాట ఎత్తుకున్నారు. ప్రకాశం డోలక్ వాయించేవాడి చేతులు చూసి తీగలు మీటాడు. పాట ఒక దారిన, గిటార్ ఒక దారిన పోతున్నాయి. పాడేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన వాళ్ళ మొహాలు చూసి తప్పు పోతోందని పోల్చుకున్నాడు, తొందరపడ్డాడు, ఇంకా తప్పాడు. చరణం మారింది. ఆయన పల్లవే వాయిస్తున్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. డోలక్ ఆగింది. పాట ఆగింది. అందరికన్నా ఆఖరున ప్రకాశం చెయ్యి ఆగింది.

నేను అతికిన వైరు ఎంత బాగా పనిచేస్తోందంటే, ఆ గిటార్‌లోంచి ఈగ వాలినంత చప్పుడు కూడా రాలేదు. ఆ క్షణాన స్టేజీ ఎక్కి దాన్ని పీకెయ్యాలనిపించింది.

ప్రకాశం చొక్కా తడిసిపోయింది. తల వంచి తన చేతులు చూసుకున్నాడు. అయిపోయింది, గిటార్ విప్పి పక్కన పెట్టేస్తాడు అనుకున్నాను. పట్టీ మీదికి చెయ్యి పోయింది కూడా. ఆ చెయ్యి అక్కడే ఆగింది. తలెత్తి ఆడవాళ్ళ వైపు వెతికాడు.

"రూతూ!"

ఆ పిలుపు ఎంత గట్టిగా వచ్చిందో ఆయనకు తెలియదు. నలుగురిలో మొగుడు పెళ్ళాన్ని అట్లా పిలవడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. బయట చెప్పుల దగ్గర ఆడుకుంటున్న పిల్లలు కూడా కిటికీల్లోకి వచ్చారు.

"రూతూ, నువ్వు రా! నాకు ఇనబడ్తలేదు. చెవులు పోయినయ్. నీ చెయ్యి లేకుంటె నాకు పాట తెల్వది!"

రూతమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. పక్కనున్న ముసలమ్మ ఆమె మోచెయ్యి పట్టి లేపింది. "పో బిడ్డ, పో. పిలుస్తుండు గద. గిన్నేండ్లు ఒక్కదానివే మోసినవా?"

ఆమె లేచి మెట్లెక్కింది. అయ్యగారు మైకు పక్కన పెట్టాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఓరగా జరిపి పెట్టిన కుర్చీని తనే ఎత్తి తెచ్చి ప్రకాశం పక్కన వేసి, "కూసో చెల్లె" అన్నాడు.

రూతమ్మ కూర్చుంది. అలవాటుగా ఒక చెయ్యి ప్లగ్గు వైపు పోయింది. అవసరం లేదని గుర్తొచ్చి ఆగి, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. రెండో అరచెయ్యి ఆయన వీపు మీద పెట్టింది. ఆమె వేళ్ళు కదిలాయి. ప్రకాశం కళ్ళు మూసుకున్నాడు. డోలక్ వాడు ఈసారి ఆమె వేళ్ళు చూసి మొదలుపెట్టాడు. పాట అందుకుంది. ఒక్క చోట కూడా తప్పలేదు.

పాట అయిపోయింది. గిటార్‌లో గుయ్యి లేదు. అయినా ఆమె చెయ్యి ఆయన వీపు మీదే ఉంది. తియ్యమని ఎవరూ అనలేదు.